బిడ్డ ఖడక్‌వాస్లాలో, ఆరు లక్షలు బ్యాంకులో

ప్రశ్న: మాది కరీంనగర్. మా ఆయనకు 50 ఏళ్లు. కాటన్ మిల్లులో అకౌంటెంటు, చేతికి 42 వేలు వస్తాయి. నేను ఇంట్లో మిషన్ కుడతాను, నెలకు పదివేల దాకా మిగులుతుంది. మా పెద్దమ్మాయి ఎన్డీఏకు (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) సెలెక్టయి పోయిన జులైలో పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో చేరింది. బాబు తొమ్మిదో తరగతి. అమ్మాయి ఇంజినీరింగ్ కోసం దాచిన 6 లక్షలు ఎఫ్‌డీలో ఉన్నాయి. సుకన్య ఖాతాలో 3.8 లక్షలు ఉన్నాయి, 2015 నుంచి నెలకు 2 వేలు కడుతున్నాం. ఇంటి లోను ఇంకా 4.5 లక్షలు, వడ్డీ 9 శాతం, కిస్తీ 9,800. ఇల్లు కట్టేటప్పుడు పీఎఫ్‌లోంచి కూడా తీశాం. బంగారం 12 తులాలుంది. ఇప్పుడు ఆ 6 లక్షలతో మా ఆయన ప్లాటు కొందామంటున్నారు. మా తమ్ముడు అమ్మాయి పేరున పాలసీ తీసుకోమంటున్నాడు. మా అత్తమ్మ పెళ్లికి బంగారం కొని పెట్టమంటోంది. నేను అమ్మాయికి నెలకు 5 వేలు పంపుతున్నాను. ఆదివారం పది నిమిషాలు ఫోన్ చేస్తుంది. డబ్బులు సరిపోతున్నాయా అంటే సరిపోతున్నాయనే అంటుంది. డిసెంబరు సెలవుల్లో వచ్చినప్పుడు దాని ఖాతా చూస్తే 21,400 అట్లనే ఉన్నాయి. తినకుండా దాస్తోందేమోనని నా భయం. ఇంకో మాట, ఎవరినీ అడగలేక మిమ్మల్ని అడుగుతున్నాను: దెబ్బ తగిలో, ఉండలేకో ఇంటికి వచ్చేస్తే మా పరిస్థితి ఏంటి? ఆర్నెల్ల ఖర్చు రాసి పంపిస్తున్నాను.

జవాబు: అమ్మా, ఉత్తరం కంటే ముందు మీరు జత చేసిన కాగితమే చదివాను. కొలతల పుస్తకంలోంచి చింపిన పేజీ అది. ఒకవైపు ఎవరిదో జాకెట్టు కొలతలు, రెండోవైపు మీ అమ్మాయి లెక్క. చేరేటప్పుడు అకాడమీలో కట్టింది 32 వేలు. దింపి రావడానికి నలుగురికి రైలు, లాడ్జి కలిపి 18 వేలు. ట్రంకు పెట్టె, బట్టలు, బూట్లు 14 వేలు. నెలనెలా పంపినవి 30 వేలు. అక్టోబరులో వెళ్లి రెండు గంటలు చూసి వచ్చినందుకు 16 వేలు. మొత్తం లక్షా పది వేలు. కింద చిన్న అక్షరాలతో ‘సకినాలు కొరియర్ 480’ అని రాసి కొట్టేశారు. అది లెక్కలోకి రాదనుకున్నారేమో. నా దృష్టిలో ఆ కాగితం మీద దండగ కానిది అదొక్కటే.

మొదట ఆ 21,400 సంగతి. మీ అమ్మాయి కడుపు మాడ్చుకుని దాచిన డబ్బు కాదది. అక్కడ తిండి, బస, పుస్తకాలు, యూనిఫాం, వైద్యం అన్నీ ప్రభుత్వ ఖర్చే. మీరు చేరేటప్పుడు కట్టిన సొమ్ములోనే మొదటి ఐదు నెలల పాకెట్ అలవెన్సు, బట్టలూ సామానూ, గ్రూపు ఇన్సూరెన్సు ప్రీమియం, చిల్లర ఖర్చులు కలిసి ఉంటాయి. అంటే ఐదు నెలల జేబు ఖర్చు ముందే కట్టి, మళ్లీ నెలనెలా 5 వేలు పంపారు. పైగా మొదటి టర్మ్ పిల్లలకు ఖర్చు పెట్టే సందు ఎక్కడుంది? తెల్లవారక ముందే లేపుతారు, రోజంతా పరుగే. బయటికి వెళ్లడానికిచ్చే అనుమతిని అక్కడ లిబర్టీ అంటారు, కొత్తవాళ్లకు అది దొరకడమే అరుదు. సొంత ఖర్చులు నెలకు 3 వేలు దాటకపోవచ్చని యూపీఎస్సీ ప్రకటనలోనే ఉంటుంది. ఆ అంకెకు కట్టుబడండి. ఖాతాలో ఉన్నది సగానికి తగ్గేదాకా అదీ పంపకండి.

మా అబ్బాయి హాస్టల్లో చేరిన ఏడాది నేనూ ఇదే పని చేశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఆదివారం సాయంత్రం ఇల్లు బోసిగా అనిపించగానే ఫోన్ తీసి రెండు వేలు కొట్టేవాణ్ని. ‘డబ్బు పడింది నాన్నా’ అని వాడి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చేది. ఆ ఒక్క ముక్క కోసమే పంపేవాణ్నని సంవత్సరం తర్వాత బ్యాంకు స్టేట్‌మెంటు చూస్తే గానీ అర్థం కాలేదు. మీ ఇంట్లో కూడా తలా ఒక మాట అనడం వెనక అదే ఉందనుకుంటున్నాను. ఆయనకు ప్లాటు, మీ తమ్ముడికి పాలసీ, అత్తగారికి బంగారం, మీకు మనియార్డరు. బిడ్డ దూరమైంది, ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది, చేతిలో చూస్తే డబ్బుంది. కానీ ఆ డబ్బుతో మీ అమ్మాయికి ఇప్పుడు పని లేదు. పని మీకుంది.

మీ ఆయన 58కి రిటైరవుతారనుకుందాం. ఎనిమిదేళ్లు. పీఎఫ్‌తో పాటు వచ్చే ఈపీఎస్ పెన్షన్‌లో లెక్కకు తీసుకునే జీతం 15 వేలకు మించదు కాబట్టి, ఆయన సర్వీసుకు చేతికొచ్చేది నెలకు ఐదారు వేల దగ్గరే ఆగుతుంది. పీఎఫ్‌లో ఎంత ఉందో మీరు రాయలేదు, కానీ ఇల్లు కట్టేటప్పుడు అందులోంచి తీశామని ఒక మాట అన్నారు. ఇదీ అసలు గుంత. ప్లాటు దీన్ని పూడ్చదు. మన జిల్లాల్లో వెంచర్ బోర్డు లేని రోడ్డు వెతికితే గానీ దొరకదు, అక్కడ కొన్నవాళ్లలో అవసరానికి అమ్ముకోగలిగినవాళ్లు ఎందరో మీ ఆయన్నే లెక్కపెట్టమనండి. ఆయన అకౌంటెంటు కదా. 6 లక్షలు అడ్వాన్సు కట్టి మిగతాదానికి మళ్లీ కిస్తీ అంటే, ఉన్న లోను తీరకముందే ఇంకో లోను నెత్తిన పెట్టుకోవడమే.

నేనైతే 6 లక్షల్ని ఇలా చూస్తాను. 2 లక్షలు ఇంటి లోనుకు కట్టేయండి, కిస్తీ మాత్రం 9,800 అలాగే ఉంచమని బ్యాంకులో రాసివ్వండి. వాళ్లు కిస్తీ తగ్గిస్తామంటారు, ఒప్పుకోకండి. ఇప్పుడున్న లెక్కన లోను తీరడానికి దాదాపు నాలుగేళ్ల ఎనిమిది నెలలు పడుతుంది. 2 లక్షలు కడితే రెండేళ్ల నాలుగు నెలల్లో తీరుతుంది, వడ్డీలో 75 వేల దాకా మిగులుతుంది. ఎఫ్‌డీ వడ్డీ మీ లోను వడ్డీకి ఎటూ అందదు. లోను తీరిన మర్నాడు ఆ 9,800ను ఇంటి ఖర్చులో కలవనివ్వకుండా, జీతంలోంచే పీఎఫ్‌లో అదనంగా కోయించుకోమని మీ ఆయన మిల్లులో రాసివ్వాలి. వీపీఎఫ్ అంటారు దాన్ని. 2024-25కి పీఎఫ్ వడ్డీ 8.25 శాతం ఇచ్చారు. 8 శాతమే అనుకున్నా, మిగిలిన అయిదేళ్ల ఎనిమిది నెలల్లో 8 లక్షల పైచిలుకు అవుతుంది. మీ ఇద్దరి పేరున మొదటిసారి పోగయ్యే డబ్బు అదే.

ఇంకో లక్ష ఇంటి అత్యవసరానికి విడిగా, ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా ఉంచండి. మిగిలిన 3 లక్షలు ఎఫ్‌డీలోనే ఉండనివ్వండి. ముట్టుకోకండి. దాని పని ఏంటో చెప్పాలంటే మీ ఆఖరి ప్రశ్నకు రావాలి.

తిరిగి రావడం రెండు రకాలు. ఒకటి, ఆరోగ్యం వల్ల పంపేయడం. శిక్షణలో గాయాలు మామూలే, చాలామంది కట్టు కట్టించుకుని మళ్లీ పరుగు మొదలుపెడతారు. బాగా కోలుకోవాల్సి వస్తే ఒక టర్మ్ వెనక్కి పంపుతారు, రెలిగేషన్ అంటారు. దానివల్ల మీకు పెరిగేది ఆర్నెల్ల జేబు ఖర్చే. ఇక శిక్షణకే పనికిరానంత గాయమైతే, మీరు కట్టిన సొమ్ములోని గ్రూపు ఇన్సూరెన్సు ఉంది. మూడేళ్లకు కలిపి 7,200 ప్రీమియం, ప్రాణానికి 15 లక్షల కవరు, వైకల్యానికి దాని శాతాన్ని బట్టి పరిహారం. రసీదు తీసి చూడండి, నామినీ పేరు సరిగ్గా ఉందో లేదో కూడా. ఇది కాక ప్రభుత్వం నెలనెలా ఎక్స్‌గ్రేషియా ఇస్తుంది. ఇలా ఇంటికొచ్చిన క్యాడెట్లకు మాజీ సైనికుల హోదా లేకపోవడం చాలాకాలంగా ఉన్న అన్యాయం. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తనంతట తానే ఈ విషయం విచారణకు తీసుకుంది. అదే నెలలో కేంద్రం వాళ్లకు, మాజీ సైనికులకుండే ఈసీహెచ్ఎస్ వైద్య సదుపాయం ఇచ్చింది. సరిపోతుందని నేననను, కానీ మీరు భయపడుతున్నంత శూన్యం మాత్రం లేదు.

రెండోది, ఉండలేక తనే వస్తాననడం. చేరేటప్పుడు మీరూ ఒక బాండు మీద సంతకం పెట్టారు, గుర్తుందా? తనంతట తాను మధ్యలో మానేస్తే శిక్షణకైన ఖర్చు తల్లిదండ్రుల దగ్గర వసూలు చేసే హక్కు ప్రభుత్వానికి ఉంది. రోజులు గడిచేకొద్దీ ఆ మొత్తం పెరుగుతుంది. ఆ కాపీ బీరువాలోంచి తీసి మీ ఆయనతో ఒకసారి చదివించండి. ఆ 3 లక్షలు ఉన్నది ఇందుకే. బాండు డబ్బు కట్టాల్సి వచ్చినా, ఇక్కడ డిగ్రీలో చేర్పించాల్సి వచ్చినా ముందు అదే ఆసరా. మొత్తానికి సరిపోతుందని మాత్రం నేననను. ఏమీ జరగకపోతే, జరగదనే నా నమ్మకం, రెండేళ్లలో మీ బాబు ఇంటర్ ఫీజుకు అదే పనికొస్తుంది. వాణ్ని ఈ ఉత్తరంలో మీరు రెండు మాటల్లో తేల్చేశారు, కానీ వచ్చే ఆరేళ్లు మీ ఇంట్లో పెద్ద ఖర్చు వాడిదే.

ఈ 3 లక్షల సంగతి అమ్మాయికి ఒక్కసారి చెప్పండి. ‘నీకోసం వేరే దారికి డబ్బుంది, నువ్వు మా గురించి ఆలోచించి అక్కడ ఉండనక్కర్లేదు’ అని. ఒక్కసారి చాలు, ప్రతి ఆదివారం అక్కర్లేదు.

సుకన్య ఖాతా కదపకండి. చదువు కోసం సగం దాకా తీసుకోవచ్చని ఎవరో చెప్పి ఉంటారు. నిజమే, కానీ విద్యాసంస్థ అడిగిన ఫీజు మేరకే ఇస్తారు. మీకు చూపించడానికి ఫీజే లేదు కదా! 2024 జనవరి నుంచి వడ్డీ 8.2 శాతం, పన్ను లేదు, ఖాతా తెరిచిన 21 ఏళ్లకు, అంటే 2036లో మెచ్యూరిటీ. 18 నిండాయి కాబట్టి ఇకపై ఖాతా నడపాల్సింది అమ్మాయే. ఈసారి సెలవులకొచ్చినప్పుడు ఆధార్‌తో పోస్టాఫీసుకు తీసుకెళ్లి ఆ పని చేయించండి. ఇక నేను చెప్పబోయేది మీకు నచ్చకపోవచ్చు. నెలకు 2 వేలు కట్టడం ఆపండి. ఏడాదికి 250 కడితే ఖాతా బతికే ఉంటుంది. ఉన్న 3.8 లక్షలు వాటంతటవే పెరుగుతాయి. ఖడక్‌వాస్లాలో మూడేళ్లు అయ్యాక, తర్వాతి శిక్షణకు సర్వీస్ అకాడమీలో అడుగుపెట్టిన నెల నుంచి అమ్మాయికి 56,100 స్టైపెండు వస్తుంది. అది మీ ఆయన జీతం కంటే ఎక్కువ. మీరు కడుపు కట్టుకుని ఆమెకు దాచాల్సిన రోజులు పోయాయి.

మీ తమ్ముడి పాలసీ వద్దు. అమ్మాయి సంపాదన మీద ఇప్పుడు ఎవరూ బతకడం లేదు. ఆఫీసరుగా కమిషన్ వచ్చాక సైన్యంలో గ్రూపు ఇన్సూరెన్సు ఎలాగూ ఉంటుంది. కవరు అవసరమైనది మీ ఆయనకు. పీఎఫ్‌తో పాటు వచ్చే ఈడీఎల్ఐ బీమాలో గరిష్ఠంగా 7 లక్షలే వస్తాయి. బాబు చదువు అయ్యేదాకా, అంటే పదేళ్లకు, ఆయన పేరున 40-50 లక్షల టర్మ్ పాలసీ తీసుకోండి. సుకన్యలో ఆపిన 2 వేలు ప్రీమియంలోకి వెళ్తాయి. తమ్ముడు ఏజెంటైతే (మీరు రాయలేదు, నాకు అనుమానం) ఇదే పాలసీ ఇప్పించమనండి, ముఖం చూడండి.

అత్తగారికి మాత్రం నేను చెప్పక్కర్లేదు, నిబంధనే చెబుతుంది. శిక్షణ పూర్తయ్యేదాకా క్యాడెట్లు పెళ్లి చేసుకోకూడదు. చేసుకుంటే పంపేస్తారు, అయిన ఖర్చు కూడా కట్టమంటారు. అంటే చేరిన దగ్గర్నుంచి కనీసం నాలుగేళ్లు సంబంధాల మాట లేదు. 12 తులాలు ఉండనే ఉన్నాయి, వాటిని లాకర్లో పెట్టండి. అత్తగారికి ఇంకో సంగతి చెప్పండి. ఎన్డీఏలోకి అమ్మాయిల్ని 2022లో మొదటిసారి తీసుకున్నారు, 2025 మే 30న వాళ్లలో 17 మంది పరేడ్ చేసి బయటికొచ్చారు. ఇంకా పదేళ్లు నిండని దారిలో మీ మనవరాలు నడుస్తోంది, కాసులపేరు గురించి తర్వాత మాట్లాడుకుందాం అనండి.

ఇక పుణె ప్రయాణాలు. మానేయమని నేననను, నా నోరు రాదు. కానీ ఏడాదికి ఒకటి, ఇద్దరే, ముందే అనుకుని. అన్నీ సవ్యంగా జరిగితే మీ అమ్మాయి పాసింగ్ అవుట్ పరేడ్ 2028 మే చివర్లో. నెలకు వెయ్యి రికరింగ్ డిపాజిట్ ఇప్పుడే మొదలుపెట్టండి. పోస్టాఫీసులోది ఐదేళ్లది, మూడేళ్లలోపు తీయనివ్వరు కాబట్టి బ్యాంకులో 27 నెలలకు వేయించండి. అప్పటికి 29 వేల దాకా ఉంటాయి, నలుగురికి సరిపోతాయి. రైలు టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తున్నారు. మార్చి ఆఖరి వారంలో గుర్తు పెట్టుకుని, మీ అత్తగారికి కింది బెర్తు వేయించండి.