మా వాడు గది తలుపు తీయడం లేదు

ప్రశ్న: మాది చీమకుర్తి. ఆయన గ్రానైట్ క్వారీలో పనిచేస్తారు. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి ఏడాదిగా బడి నుంచి రాగానే తలుపేసుకుని ఫోన్‌లో తుపాకుల ఆట ఆడతాడు. స్నేహితులెవరూ ఇంటికి రారు. మొన్న వాడి నోట్‌బుక్ వెనక పేజీలో కత్తి బొమ్మ, కింద తోటి పిల్లాడి పేరు కనిపించాయి. టీవీలో బడుల్లో జరిగే దాడుల వార్తలు చూసి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఫోన్ పగలగొడతానంటున్నారు ఈయన.
- ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మీవారిని ఆపండి. వాడితో నాలుగు మాటలు మాట్లాడేవాళ్లు ప్రస్తుతం ఆ ఫోన్‌లోనే ఉన్నారేమో.

ఆట గురించి నాకంత భయం లేదు. తుపాకుల ఆట ఆడే పిల్లలు వీధికి పదిమంది ఉన్నారు. నన్ను ఆపింది ఆ పేరు. బడుల్లో జరిగిన 37 దాడులను పరిశీలించి అమెరికా సీక్రెట్ సర్వీస్, విద్యాశాఖ కలిసి 2002లో ఒక నివేదిక ఇచ్చాయి. దాడి చేసే పిల్లాడు ఇలాగే ఉంటాడని చెప్పడానికి వీల్లేదని తేల్చాయి. అయితే చాలా ఘటనల్లో సంగతి ముందే ఎవరో ఒకరికి తెలుసు. చాలామంది దాడికి ముందు ఏడిపింపులు పడ్డవాళ్లే. కాబట్టి వాడు మౌనంగా ఉన్నాడని కాదు, ఎవరి మీద, ఎందుకు కోపమో చూడాలి.

వాడి క్యారేజీ ఎలా తిరిగొస్తోంది? నా దగ్గరికి వచ్చిన కావలి అబ్బాయి ఒకడు రోజూ అన్నం అలాగే తెచ్చేవాడు. కూర నచ్చలేదేమో అనుకుంది వాళ్లమ్మ. పక్కన ఎవరూ కూర్చోనివ్వక వాడు గంట కొట్టేదాకా కొళాయిల దగ్గర నిలబడేవాడట.

ఎదురుగా కూర్చోబెట్టి నిలదీస్తే ఈ వయసు పిల్లలు నోరు విప్పరు. వాళ్ల నాన్నను బండి మీద ఒంగోలు దాకా తీసుకెళ్లమనండి. "ఆ అబ్బాయి నిన్నేం చేశాడు నాయనా?" అని అడిగి, ఇక ఆయన మాట్లాడకూడదు. అది కష్టమే, మగవాళ్లకు మరీనూ. తర్వాత సూటిగానే అడగాలి: వాడిని ఏమైనా చేయాలనుందా? చచ్చిపోవాలనిపిస్తోందా? అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు.

ఎప్పుడు, దేనితో అని వాడు చెప్పగలిగితే మాత్రం ఆగకండి. ఒంటరిగా వదలకండి. ఆ రోజే హెడ్మాస్టరుకు చెప్పండి, ఆ రెండో పిల్లాడు కూడా క్షేమంగా ఉండాలి కదా. ఒంగోలు ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. అంత దూరం రాకపోయినా హెడ్మాస్టరును కలవండి. ఆ పిల్లాడి ఇంటి మీదకు మాత్రం వెళ్లకండి.

ఫోన్ సంగతి ఆ తర్వాతే. రాత్రి పదికల్లా ఇంట్లో ఫోన్లన్నీ హాల్లో చార్జింగ్‌కు పెట్టండి. అన్నీ అంటే మీవారిది కూడా.

ఆ నోట్‌బుక్ చింపకండి. డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆ పేజీ చూపించాల్సి ఉంటుంది.