స్ప్రింగులు విప్పే ముందు ఇది చదవరా అల్లుడూ

అల్లుడూ, పాత కారు ఒక పక్కకి వాలిపోయింది, గుంత వస్తే చాలు కింద ధన్ మని తగులుతోంది అన్నావు కదా, కొత్త స్ప్రింగులకి డబ్బు కట్టేసే ముందు కాస్త ఆగు. టైర్లలో గాలి సరిచూసి, చదును నేల మీద నిలబెట్టి, నాలుగు మూలలా గట్టిగా నొక్కి వదిలి, చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా నాలుగుచోట్లా టేపుతో కొలిచి రాసిపెట్టుకో. ముందు కుడివైపు దిగినట్టు కనిపించినా లోపం వెనక కుడి కమాను కట్టలో, అంటే ఉక్కు పట్టీలు పొరలుగా పేర్చిన స్ప్రింగ్‌లో ఉండొచ్చు. స్ప్రింగ్ కూర్చునే చోట రేకు తుప్పుపట్టి కిందికి దిగిపోయిందేమో కూడా చూడు, అదే అయితే ఎన్ని స్ప్రింగులు మార్చినా లాభం లేదు, ముందు వెల్డింగ్ పని.

పాతబడితే స్ప్రింగ్ మెత్తబడుతుందని చాలామంది అనుకుంటారు గానీ ఉక్కు గట్టిదనం దాదాపు అలాగే ఉంటుంది, ఏళ్ల తరబడి బరువు మోసి మోసి దాని పొడుగు తగ్గుతుంది, అందుకే బండి దిగి, చక్రం మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ, అదే బంప్ స్టాప్‌కి కొట్టుకుంటోంది. కాబట్టి ఇంకా గట్టివి వేద్దామనే ఆలోచన పెట్టుకోకు, స్ప్రింగ్ తీగ మందం 12 మిల్లీమీటర్ల బదులు 13 అయితే చాలు, మిగతాదంతా ఒకటే అయినా గట్టిదనం 38 శాతం దాకా పెరుగుతుంది, ఆ దెబ్బలన్నీ పాత బాడీకే తగులుతాయి. కంపెనీ చెప్పిన కొలతవే తీసుకో, ఎడమా కుడీ రెండూ కలిపే మార్చు.

ఇప్పుడు అసలు సంగతి, ఇది మాత్రం రెండుసార్లు చదువు. నొక్కి ఉన్న కాయిల్ స్ప్రింగ్, అంటే చుట్టల స్ప్రింగ్, ఒక్కసారి జారిందంటే మనిషి ప్రాణం తీయగలదు. బండిని జాకీ మీద వదలొద్దు, స్టాండ్ల మీదే కూర్చోబెట్టు. కొన్ని పాత కార్లలో స్ప్రింగ్ కింద నాలుగు బోల్టులతో ఒక ప్లేటు ఉంటుంది, అక్కడ ప్లేటు కింద జాకీ ఆనించి, ఎదురెదురు మూలల్లో రెండు బోల్టులు తీసి వాటి చోట పొడుగాటి హై టెన్సిల్ (బాగా బలమైన ఉక్కు) మరలు దూర్చి నట్లు బిగించి, మిగతా రెండూ తీశాక జాకీని, నట్లని కొంచెం కొంచెంగా దించుకుంటూ వస్తే స్ప్రింగ్ మెల్లగా సాగి వదులవుతుంది. స్ప్రింగ్ కంప్రెసర్, అంటే కొక్కేలతో స్ప్రింగ్‌ని నొక్కిపట్టే మరల పరికరం, వాడాల్సిన బండైతే దాని కొక్కేలు సరిగ్గా ఎదురెదురుగా పట్టించి, మరలకి గ్రీజు రాసి, చేతి స్పానర్‌తో ఆ మర కొంచెం ఈ మర కొంచెం తిప్పు, గాలితో తిప్పే గన్ను వద్దే వద్దు. స్ప్రింగ్‌కి ఒక గొలుసు చుట్టి ఛాసిస్‌కి కట్టు, మొహం దాని ఎదురుగా పెట్టకు. తొందరగా ఉన్న రోజు ఈ పని ముట్టుకోకు బాబూ, నా మాట విను. బ్రేక్ కాలిపర్‌ని, అంటే డిస్క్‌ని పట్టి ఆపే భాగాన్ని, దాని గొట్టం మీద వేలాడనివ్వకుండా తీగతో పైకి కట్టెయ్, బోల్టులకి రెండు రోజుల ముందు నుంచే తుప్పు వదిలించే ఆయిల్ కొడుతూ ఉండు.

బిగించేటప్పుడు స్ప్రింగ్ కొస దాని గాడిలో కూర్చుందా లేదా వేలితో తడిమి చూడు, పైనా కిందా రబ్బరు ప్యాడ్లు కొత్తవి వెయ్యి. వెనక కమాను కట్టలైతే కట్టని ఇరుసుకి బిగించే యూ ఆకారపు బోల్టులు పాతవి మళ్ళీ వాడకు, అవి సాగిపోయి ఉంటాయి.

ఇంకోటి, చాలామంది వదిలేసేది ఇదే, రబ్బరు బుష్‌ల, అంటే కదిలే కీళ్లలో ఉండే రబ్బరు తొడుగుల, బోల్టులు బండి గాల్లో ఉండగా పూర్తిగా బిగించకూడదు, చక్రాలు నేల మీద ఆని బరువు పడ్డాకే బిగువు కొలిచి బిగించే టార్క్ రెంచ్ పట్టాలి, లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలికపడే ఉండి కొద్ది నెలల్లోనే చిరిగిపోతుంది, బండి ఎత్తు కూడా తప్పుగా చూపిస్తుంది.

కొత్తవి మొదట్లో కాస్త ఎత్తుగా అనిపిస్తే కంగారుపడకు, కొన్ని రోజులు నడిపి మళ్ళీ కొలిచి, బోల్టులు ఇంకోసారి చూసుకుని, అప్పుడు వీల్ అలైన్‌మెంట్ చేయించు, హెడ్‌లైట్ల వాలు కూడా మారి ఉంటుంది, అదీ సరిచేయించు.