బీఎస్సీ పూర్తయ్యాక బీటెక్‌కు మళ్లీ ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో బీఎస్సీ (గణితం, ఫిజిక్స్, కంప్యూటర్స్) పూర్తి చేసింది. ఇప్పుడు ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం బీటెక్ ఏఐలో నేరుగా సీటు ఇస్తామంటోంది. రీయింబర్స్‌మెంట్ మళ్లీ వస్తుందా? డిగ్రీ సంగతి చెప్పకుండా ఇంటర్ మీదే దరఖాస్తు పెట్టమని తెలిసినవారు సలహా ఇస్తున్నారు. బీటెక్ మంచిదా, ఎంసీఏ మంచిదా? – ఒక తండ్రి, కరీంనగర్ జిల్లా

జవాబు: రాదనే లెక్క వేసుకోండి. పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనాల నిబంధనల ప్రకారం ఒక దశ చదువు పూర్తి చేసి, అదే దశలో మరో సబ్జెక్టు చదివేవారికి, అంటే బీఏ తరువాత బీకాం, ఒక ఎంఏ తరువాత మరో ఎంఏ చేసేవారికి అర్హత లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ ఇదే వర్తిస్తుంది; బీఎస్సీ, బీటెక్ రెండూ డిగ్రీ దశవే. ప్రభుత్వం పై మెట్టు ఎక్కేవారికి సాయం చేస్తుంది కానీ, ఎక్కిన మెట్టునే మళ్లీ ఎక్కడానికి ఇవ్వదు. పైగా మీకు చూపిస్తున్నది ప్రవేశ పరీక్ష ర్యాంకుతో ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో వచ్చే కన్వీనర్ కోటా సీటు కాదు కనుక, అమ్మాయి డిగ్రీ చదవకపోయినా దానికి రీయింబర్స్‌మెంట్ వర్తించేది కాదు.

ఇక డిగ్రీని దాచే ఆలోచన గురించి కొంచెం కటువుగానే చెప్పాలి. ఇంటర్ టీసీని డిగ్రీ కళాశాలలో చేరిన రోజే ఇచ్చేశారు; ఇప్పుడు మీ చేతికి వచ్చే టీసీలో బీఎస్సీ చదివినట్టే ఉంటుంది. ఉపకార వేతనాల దరఖాస్తులు తీసుకునే ఈపాస్ వెబ్‌సైట్‌లో పదో తరగతి హాల్‌టికెట్ నంబరు, ఆధార్ నమోదు చేయగానే పాత దరఖాస్తు బయటపడుతుంది. ఆ మూడేళ్లు ఖాళీగా ఉందని చూపాలంటే అబద్ధపు ప్రమాణపత్రం కావాలి, దాని మీద సంతకం చేయాల్సింది మీ అమ్మాయి. సలహా ఇచ్చినవారికి పోయేదేమీ లేదు, ఆమె పేరు మాత్రం చిక్కుల్లో పడుతుంది. తండ్రిగా మీరు ఆ మాటను అక్కడే తుంచేయవలసింది.

నిజానికి మీ ప్రశ్న వెనుక ఉన్న దిగులు ఫీజు గురించి కాదు. బీటెక్ చదవని బిడ్డ వెనుకబడిపోయిందేమోనన్న భయం అది, ఏటా డిగ్రీ ఫలితాలు రాగానే ఎందరో తల్లిదండ్రులు ఇదే అడుగుతారు. గణితం, ప్రోగ్రామింగ్ చదువుకున్న పిల్లకు పోయింది ఏమీ లేదు. ఏఐ బ్రాంచి మీద మాత్రం నాకు అనుమానాలున్నాయి. పేరు కొత్తదైనా మొదటి రెండేళ్ల పాఠాలు చాలాచోట్ల సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) బ్రాంచివే. తేడా రావలసింది తరువాతి రెండేళ్లలో, అది బోధించగల అధ్యాపకులు ఉన్నప్పుడే. ఎవరు బోధిస్తారో, ల్యాబ్‌లో ఏముందో అడగకుండా, హోర్డింగ్ చూసి నాలుగేళ్లు, లక్షల రూపాయలు పోయడం నాకు సమ్మతం కాదు. బీటెక్కే కావాలనుకుంటే, గణితంతో బీఎస్సీ చేసినవారు ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి నేరుగా రెండో ఏడాదిలో చేరవచ్చు. ఒక ఏడాది కలిసివస్తుంది, రీయింబర్స్‌మెంట్ మాత్రం ఆశించకండి.

ఎంసీఏ పీజీ కనుక అది పై మెట్టు. ఇప్పుడు రెండేళ్ల కోర్సే. ఐసెట్ (ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశ పరీక్ష) ర్యాంకుతో కన్వీనర్ కోటాలో చేరితే, ఆదాయ పరిమితికి లోబడి రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉంటుంది. అయితే అర్హత ఉన్నంత మాత్రాన డబ్బు సమయానికి వస్తుందని కాదు. బకాయిలు పేరుకుంటే కళాశాలలు ఫీజు కట్టమని విద్యార్థులనే ఒత్తిడి చేస్తాయి, కాబట్టి ఒక ఏడాది ఫీజు చేతిలో ఉంచుకోండి. ఎంసీఏ అయ్యాక మరో పీజీ చదవాలనుకుంటే ఇదే నిబంధన మళ్లీ అడ్డొస్తుంది గనుక ఎమ్మెస్సీ డేటా సైన్స్ మీద మనసుంటే ఇప్పుడే తేల్చుకోవాలి. బ్యాంకు రుణం మీద కేంద్రం ఇచ్చే వడ్డీ రాయితీ కూడా డిగ్రీకో పీజీకో ఒక్కసారే వర్తిస్తుంది. పూర్తి వడ్డీ రాయితీకి కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల రూపాయల లోపు ఉండాలి. మీరు బీఎస్సీకి రుణం తీసుకోకపోతే ఆ అవకాశం మిగిలే ఉంది. విప్రో వంటి సంస్థలు బీఎస్సీ, బీసీఏ పట్టభద్రులను ఉద్యోగంలోకి తీసుకుని తమ ఖర్చుతో ఎంటెక్ చదివించే పథకాన్ని నడుపుతున్నాయి. ఆ ప్రకటనలూ గమనిస్తుండండి.

మీ ఉత్తరంలో అమ్మాయి ఏమి కోరుకుంటోందో ఒక్క ముక్క కూడా లేదు. ఆ విశ్వవిద్యాలయానికి అడ్వాన్సు కట్టకముందే ఆమెను కూర్చోబెట్టుకుని అడగండి, ఐసెట్ పాత ప్రశ్నపత్రం ఒకటి రాయించి చూడండి, తహసీల్దారు కార్యాలయంలో ఈ ఏడాది ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టండి.