డీ అండ్ డీ లాంటి ఆటలో అగ్ని మాంత్రికురాలికి శక్తి ఎక్కడి నుంచి వచ్చిందని రాయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: గుంటూరులో ఫ్రెండ్స్‌తో డీ అండ్ డీ (డంజియన్స్ అండ్ డ్రాగన్స్, అంటే పాత్రలు వేసుకుని డైస్ వేస్తూ కలిసి కథ నడిపే ఆట) తరహాలో కొత్త క్యాంపెయిన్ (చాలా సెషన్ల పాటు సాగే కథ) మొదలుపెడుతున్నారు, సొంత లోకం రాసుకుంటున్నారు. ఒక ప్లేయర్ నిప్పుతో పనిచేసే మాంత్రికురాలిగా ఆడతానంది. "పుట్టుకతోనే వచ్చింది" అని రాసి వదిలేస్తే చాలా, ఇంకా ఏమైనా కావాలా అని మీ సందేహం.

నేను విజయవాడలో కొన్నేళ్లుగా డీఎంగా (కథ నడిపించే మనిషిగా) ఆడిస్తున్నాను, మా గ్రూపులో దాదాపు ఎప్పుడూ ఎవరో ఒకరు ఇలాంటి మాంత్రికులే. నా అనుభవంలో అది చాలదు. ఆ శక్తి అసలు ఎవరిది, వాళ్లు వచ్చి తిరిగి అడిగితే ఏమవుతుంది? ఈ రెండిటికీ మీ దగ్గర జవాబుంటే మిగతా లోర్ (లోకం వెనకున్న కథ) ఆటలో అదే పుట్టుకొస్తుంది. జవాబు లేకపోతే ఆ నిప్పు డ్యామేజ్ (దెబ్బ లెక్క) పక్కన రాసుకునే పేరుగా మిగిలిపోతుంది.

1974లో వచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ నాకు ఇప్పటికీ నచ్చేది ఇక్కడే. దాని లోకంలో భూమి, నీరు, గాలి, నిప్పు అంటే నాలుగు వేరే లోకాలు. వాటిలో జనం ఉంటారు, ఊళ్లుంటాయి. నిప్పు లోకంలో ఇఫ్రీత్‌లు ఏలే ఇత్తడి నగరం ఉంది. గాలికి జిన్నులు, నీటికి మరీద్‌లు, మట్టికి దావోలు. వీళ్లు కాక ఒక్కో మూలకానికి ఒక దుష్ట రాజు, నిప్పుకి ఇమిక్స్, నీటికి ఓల్‌హైడ్రా, అలా. లోకాల సరిహద్దులు కూడా ఖాళీగా లేవు: నిప్పు, మట్టి కలిసేచోట లావా, నీరు, మట్టి కలిసేచోట బురద. అంటే మీ మాంత్రికురాలు నిప్పు రాజేసిన ప్రతిసారీ ఎవరిదో సొత్తు వాడుకుంటోంది.

ఈ లోర్ రూల్స్‌లోనే దాగున్న చోటు ఒకటుంది, తప్పకుండా చదవండి. 2014 ఎడిషన్‌లో కంజూర్ ఎలిమెంటల్ అనే స్పెల్ (మంత్రం). నిప్పు ప్రాణిని పిలవాలంటే దగ్గర్లో పది అడుగుల మేర నిజంగా మంట ఉండాలి, చేతిలో గంధకం, భాస్వరం ఉండాలి, ఒక నిమిషం పట్టాలి. వచ్చిన ప్రాణి మాట వింటుంది. కానీ మధ్యలో పిలిచినవాళ్లకు దెబ్బ తగిలి ఏకాగ్రత చెదిరిందా, అది మాయమైపోదు. అక్కడే ఉండి పిలిచినవాళ్ల మీదికే తిరగబడొచ్చు. ఆ ప్రాణి సేవకురాలు కాదని, బలవంతంగా పట్టి తెచ్చినదని ఆ ఒక్క రూల్ చెప్పేస్తోంది. మా టేబుల్ దగ్గర మొదటిసారి ఇలా జరిగినప్పుడు, పిలిచిన ప్లేయర్ కత్తి తీయలేదు. "నిన్ను ఎవరి దగ్గర్నుంచి లాక్కొచ్చాను?" అని దాన్నే అడిగింది. అక్కడి నుంచి మా కథ ఆ ప్రశ్న వెంటే నడిచింది.

ఈ నాలుగు మూలకాల లెక్క గ్రీకు తత్వవేత్త ఎంపెడోక్లెస్ నుంచి వస్తోంది. ఒక్కోదానికి ఒక జాతి ప్రాణులు ఉంటాయన్న ఆలోచనకు 16వ శతాబ్దంలో పారాసెల్సస్ రూపమిచ్చాడు. అదంతా బాగానే ఉంది గానీ, మనవాళ్లతో ఆడేటప్పుడు మన లెక్కే వాడండి. ఐదోది ఆకాశం ఉందని మాత్రమే కాదు, మన పంచభూతాలకు ఒక వరుస ఉంది. తైత్తిరీయోపనిషత్తు ప్రకారం ఆకాశం నుంచి వాయువు, వాయువు నుంచి అగ్ని, అగ్ని నుంచి నీరు, నీటి నుంచి భూమి. వేదాంతంలో గుణాలూ ఆ వరుసలోనే పెరుగుతాయి: ఆకాశానికి శబ్దం ఒక్కటే, గాలికి స్పర్శ కూడా, నిప్పుకి రూపం, నీటికి రుచి, చివరికి భూమికి వాసనతో కలిపి ఐదూ.

నేను దీన్ని ఉన్నదున్నట్టు మాయా శాస్త్రంగా మార్చేశాను. ఆకాశ మాంత్రికులు శబ్దంతోనే పనిచేస్తారు. అగ్ని మాంత్రికులకు శబ్దం, స్పర్శ, రూపం ఉంటాయి, రుచి, వాసన వాళ్ల చేతిలో ఉండవు. నీటి మాంత్రికులు ఏ నీటినైనా ముందు రుచి చూడాలి, అప్పుడే అది మాట వింటుంది. ఎవరి శక్తి ఎవరి నుంచి దిగివచ్చిందో, ఎవరు ఎవరికి రుణపడి ఉన్నారో కూడా ఈ వరుసే చెప్తుంది.

ఈ రుచి రూల్ ఎంత దూరం వెళ్లగలదో 2024 సెప్టెంబర్ వరదల తర్వాత చూశాను. అప్పుడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది, బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగింది. మా గ్రూపులో నీటి మాంత్రికురాలిగా ఆడే ప్లేయర్ ఇల్లు అక్కడే. మళ్లీ ఆడటానికి కూర్చున్నాక, నేను రాసుకున్న సెషన్‌లో ఒక ఊరికి వరద వస్తోంది. వద్దంటే మార్చేస్తానని ముందే చెప్పాను, ఉండనివ్వమంది. అందరూ ఆమె నీటిని వెనక్కి తోస్తుందనుకున్నారు. ఆమె క్యారెక్టర్ దోసిట్లోకి తీసుకుని రుచి చూసింది. "ఇది కోపం మీద లేదు, దారి లేక వచ్చింది. దీని దారి ఎవరు మూశారో ముందు కనుక్కుందాం" అంది. ఇంకొకరి స్పెల్ కోసం కూడా ఆగకుండా పార్టీ (పాత్రల బృందం) అంతా ఏటికి ఎదురు నడిచారు. డైస్ పెద్దగా దొర్లలేదు, అయినా మేము ఆడిన వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సెషన్ అది.

ఇక మీ అగ్ని మాంత్రికురాలి సంగతి. గుంటూరు కాబట్టి మొదటి సెషన్‌కి ఒకటి సూచిస్తాను: మీ లోకంలోని బేరాల ఊళ్లో మిర్చి గిడ్డంగి అంటుకుంది. మంటని ఆమె అణచగలదు, అది ఆమెదే. కానీ మిర్చి టిక్కీలు (బస్తాలు) కాలిన ఘాటు? అది వాసన, అంటే భూమి గుణం. మంట ఆరిపోయినా ఘాటు ఊరి మీదికి పాకుతూనే ఉంటుంది, లోపల హమాలీలు ఊపిరాడక దగ్గుతుంటారు. అప్పుడు ఆమెకు ఒక మట్టి మాంత్రికుడు కావాలి, అతను ఊరికే రాడు. అతనికి ఏం కావాలో మీరు ముందే రాసిపెట్టుకోండి. ఆమె ఆర్పిన మంట ఎవరిదో కూడా రాసుకోండి, కానీ అది మూడో సెషన్ దాకా ఎవరికీ చెప్పొద్దు.