తడి తెలిస్తేనే చుట్టబుట్ట నిలుస్తుంది

వీడియోలు చూసి చుట్టబుట్ట చేయడం నేర్చుకోవచ్చా, రాఫియా నార తెప్పించుకోవాలా అని అడిగారు. మొదటి బుట్టకు రాఫియా అక్కరలేదు. భీమిలి దారిలో తాటిచెట్లు లేఅవుట్ల కోసం నేలకూలుతుండగా, మడగాస్కర్ వంటి దూరదేశాల తాటిజాతి నారను మనం డబ్బు పోసి తెప్పించుకోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

ఈ పని నిజానికి అల్లిక కాదు, కుట్టు. కుండ కింద పెట్టే చుట్టకుదురులాగే గడ్డికట్టను గుండ్రంగా తిప్పుతూ, ప్రతి చుట్టునూ కింది చుట్టుకు ఆకు చీలికతో, గోనెసంచులు కుట్టే దబ్బనంతో కలుపుకుంటూ పోవాలి.

నేను మా మేనత్త దగ్గర నేర్చుకున్నాను. తాటి మొవ్వాకుకు ఈనెలు తీసి, గోటితో పావు అంగుళం చీలికలు చేసి, రాత్రంతా బకెట్టు నీళ్లలో ఉంచాను. మెత్తగా లొంగుతున్నాయని సంతోషించి, మర్నాడు ఒక్క పూటలో అరచేయంత బుట్ట పూర్తి చేశాను. డాబా మీద మూడు రోజులు ఆరేసరికి ఆకు కుంచించుకుపోయి, కుట్లు వదులై, చుట్టుల మధ్య నుంచి వెలుతురు కనబడింది. అత్త అందులో గుప్పెడు నువ్వులు పోసి పైకెత్తితే సగం నేల మీద రాలాయి. ఆవిడ ఒక్క మాట అనకుండా కొత్త చీలికను నీళ్లలో ముంచి, తడిగుడ్డలో చుట్టి పక్కన పెట్టి, కొంతసేపటికి తీసి నా చూపుడువేలికి బిగించి, "పగిలితే తడి సాల్లేదు, నీరు కారితే ఎక్కువైంది. రెండూ లేనప్పుడే దబ్బనం ఎత్తాల" అన్నారు.

వీడియోలలో "అరగంట నానబెట్టండి" అని చెబుతారు. సముద్రపు తేమ నిండిన విశాఖ గాలిలో ఆ లెక్క కుదరదు. వర్షాకాలంలో తడిగుడ్డలో మరచిపోయిన చీలికలు బూజు పడతాయి కూడా. గడ్డి మందానికి మాత్రం వీడియో చాలు: పాత పెన్ను గొట్టం ముక్కలోంచి వరిగడ్డిని దూర్చుకుంటూ, వదులైనప్పుడల్లా రెండేసి పోచలు మధ్యలోకి చేర్చుకుంటే బుట్ట ఎగుడుదిగుడు కాదు.

మీరు ముందుగా మంచినీళ్ల కూజా కింద పట్టేంత కుదురొకటి కుట్టి, వారం ఆరనిచ్చి, కిటికీకి ఎదురుగా పట్టుకొని చుట్టుల మధ్య వెలుతురు కనబడుతోందేమో చూడండి.