టారగాన్ మొలిచింది, సోంపు వాసన ఏదీ?

ప్రశ్న: ఫ్రాన్స్‌లో చదువుతున్న మా అమ్మాయి చెప్పగా, అక్కడి వంటల్లో సువాసనకు వేసే ఆకు మొక్క టారగాన్ విత్తనాలను ఆన్‌లైన్‌లో తెప్పించాను. పొట్లం మీద ‘చలికి తట్టుకునే బహువార్షికం’ అని ఉంది. మొదటిసారి అర అంగుళం లోతున నాటితే ఒక్కటీ మొలవలేదు. రెండోసారి పైపైన చల్లితే పది మొక్కలు వచ్చి మోకాలెత్తు పెరిగాయి. ఆకు నలిపితే సోంపు వాసన వస్తుందని అమ్మాయి అంటోంది గాని, నాకు పచ్చిగడ్డి వాసనే తెలుస్తోంది. ఎరువు చాలలేదా, ఎండ ఎక్కువైందా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: తప్పు ఎరువుదీ కాదు, ఎండదీ కాదు. టారగాన్ అనే పేరుతో రెండు రకాలు అమ్ముడవుతున్నాయి. మీ అమ్మాయి రుచి చూసిన ఫ్రెంచి రకం పూయడమే అరుదు, పూసినా మొలిచే గింజ పట్టదు. కనుక దానిని దుబ్బు చీల్చి గాని, కొమ్మలు నాటి గాని పెంచుతారే తప్ప విత్తనంతో కాదు. విత్తనంగా దొరికేది రష్యన్ రకం. అది మొండిగా, ఏపుగా పెరుగుతుంది, వాసన మాత్రం పలుచన. అనుమానముంటే ఒక ఆకు నమిలి చూడండి: ఫ్రెంచి రకమైతే నాలుక కొద్దిగా తిమ్మిరెక్కుతుంది. ఎరువు పెంచితే ఆకు పెరుగుతుందే గాని వాసన పెరగదు.

మొదటి విడత మొలవకపోవడానికి కారణం లోతే. ఈ గింజలు రాగుల కన్నా ఎంతో సన్నం, మొలవడానికి వాటికి వెలుతురు కావాలి. పొడి ఇసుకతో కలిపి చల్లి, మట్టి కప్పకుండా, నీటిని తుంపరగా పిచికారీ చేస్తే రెండు వారాల్లో మొలకలు కనబడతాయి.

ఈ మొక్క మనకు మరీ పరాయిది కాదు. తిరుపతి పూల అంగళ్లలో కనకాంబరాల పక్కన కట్టలుగా పెట్టే దవనమూ, వినాయక చవితి పత్రిలోని మాచిపత్రీ దీనికి దాయాదులే; మూడూ ఆర్టిమీసియా ప్రజాతివే. అయితే పొట్లం మీద రాసిన మొండితనం మంచుకు సంబంధించినది. చలిదేశాల్లో శీతకాలం పైభాగం ఎండిపోయినా, వసంతంలో వేరు నుంచి మళ్లీ చిగురిస్తుంది. మన మే నెల ఎండకూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పట్టే ముసురుకూ ఆ హామీ వర్తించదు. ముఖ్యంగా ముసురులో కుండీ అడుగున నీరు నిలిస్తే వేరు కుళ్లిపోతుంది. మట్టిలో మూడో వంతు ఇసుక కలిపి, వానల్లో కుండీని సన్‌షేడ్ కిందికి జరపండి. వేసవిలో ఉదయపు ఎండ మాత్రమే తగలనివ్వండి.

మీకు కావలసింది ఆ సోంపు వాసనే అయితే, నా సలహా మెక్సికన్ టారగాన్. ఇది బంతి కుటుంబానిది, చిన్న పసుపు పూలు పూస్తుంది, మన వేడిని ఓర్చుకుంటుంది. బంతి నారు పోసినట్లే విత్తనంతో పోసుకోవచ్చు. ఇప్పుడున్న మొక్కలను పీకనక్కరలేదు, లేత చిగుళ్లను సలాడ్‌లో వాడుకోండి.

మీ అమ్మాయి సెలవులకు వస్తూ అసలు మొక్కనే పెట్టెలో పెట్టుకొస్తానంటే మాత్రం వద్దనండి. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి పర్మిటూ, ఆ దేశం ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రమూ ఉండాలి.