కారుతో ఫ్రాన్స్ వెళ్లే ముందు: ఒక పెద్దమ్మ ఉత్తరం

అమ్మలూ,

నువ్వు పంపిన ప్లాన్ చూశాను. ఏడు రోజుల్లో ప్యారిస్, అక్కణ్నుంచి స్విట్జర్లాండ్, వచ్చేటప్పుడు ఆమ్‌స్టర్‌డామ్. ఇంగ్లండ్ వచ్చిన మనవాళ్లు తొలిసారి యూరప్ అనగానే వేసుకునే ప్లానే ఇది. కానీ ఖర్చు తక్కువలో అవ్వాలన్నావు చూడు, ఆ మాటకూ ఈ ప్లానుకూ పొత్తు కుదరదు. మీరు ఓడ దిగే ఫ్రాన్స్ రేవు కలే. అక్కణ్నుంచి స్విట్జర్లాండ్ సరిహద్దుకే సుమారు 700 కిలోమీటర్లు. దారి పొడవునా టోల్, పెట్రోలు. స్విస్ మోటార్‌వే ఎక్కితే 40 ఫ్రాంకుల స్టిక్కర్ కొనాలి, ఒక్కరోజు తిరిగినా ఏడాది మొత్తానికి కట్టాల్సిందే. రోజుకో హోటలు. నాలుగేళ్ల పిల్లాడు రోజంతా సీట్లో బందీ. ఊళ్లు తగ్గించు తల్లీ, డబ్బు అదే మిగులుతుంది.

ఓడ దిగిన చోటికి గంటలోపు దూరంలో వారం రోజులకు ఒకే ఇల్లు తీసుకోమంటాను నేను. కలేకీ బులోన్‌కీ మధ్య తీరాన్ని కోట్ డోపాల్ అంటారు. ఆ రెండు ఊళ్లనూ కలిపే ఏ16 మోటార్‌వే మీద టోల్ లేదు. మధ్యలో విస్సాన్ అనే ఊళ్లో పొడవాటి ఇసుక తీరం ఉంది, దానికి చెరో పక్కా కాప్ బ్లాన్ నే, కాప్ గ్రీ నే అనే కొండ అంచులు. ఆకాశం తేటగా ఉన్న రోజున వాటి మీద నిలబడితే ఇంగ్లండ్ వైపు తెల్లటి సున్నపురాయి కొండలు కనిపిస్తాయి. బులోన్‌లో నోసికా అక్వేరియం ఉంది, యూరప్‌లో అతి పెద్దవాటిలో ఒకటి. దానికి టికెట్ కాస్త ఎక్కువే అయినా ఆ ఒక్కదానికి వెనకాడకు, వాన పడిన రోజు కోసం అట్టే పెట్టుకో. మిగతావన్నీ చాలావరకు ఉచితమే.

ముందు వీసా సంగతి చూడు. మీ ఇద్దరివీ, బాబుదీ ఇండియన్ పాస్‌పోర్టులే. యూకేలో ఉండటానికి వీసా ఉన్నంత మాత్రాన ఫ్రాన్స్ వెళ్లడం కుదరదు, షెంగెన్ వీసా, అంటే ఫ్రాన్స్‌తో పాటు యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా, కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ పెట్టుకోవచ్చు. ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు, ఆరేళ్ల లోపు పిల్లలకు లేదు. అప్లికేషన్ తీసుకునే వీసా సెంటర్ వాళ్ల సర్వీస్ చార్జీ వేరే. ఇంటి బుకింగ్, ఓడ టికెట్, కనీసం 30,000 యూరోల కవర్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ చూపించాలి. వీసా వచ్చేదాకా డబ్బు వెనక్కి రాని బుకింగులు చెయ్యకు. అపాయింట్‌మెంట్ దొరకడమే ఒక్కోసారి కష్టమవుతుంది కాబట్టి ముందు ఆ తేదీ పట్టుకో, తర్వాతే సెలవు అడుగు.

బాబు సెప్టెంబరులో బడికి వెళ్తాడన్నావు. అంటే బడి సెలవులతో పని లేకుండా వెళ్లగలిగే ఆఖరి వేసవి మీకిదే. జూన్‌లో వెళ్లండి. ఓడ చార్జీ విమానం టికెట్ లాగే రోజును బట్టీ, గంటను బట్టీ మారిపోతుంది. మంగళ, బుధవారాల్లో తెల్లవారుజామునో రాత్రి పొద్దుపోయాకో బయల్దేరేవి చూడు. ఇంగ్లండ్ వైపు రేవు డోవర్ నుంచి కలేకి గంటన్నర. ఫ్రాన్స్‌లోనే ఇంకో రేవు డంకర్క్‌కి రెండు గంటలు, కొన్నిసార్లు అదే చవగ్గా దొరుకుతుంది, దిగాక కలే వైపు రోడ్డు కూడా టోల్ లేనిదే. సముద్రం కింద సొరంగంలో వెళ్లే రైలు మీద కారు ఎక్కిస్తే 35 నిమిషాలే, కానీ మామూలుగా రేటు ఎక్కువ. అదీగాక పిల్లాడికి సముద్రం మీద ప్రయాణమే ఒక పండగ, అది పోగొట్టకు.

ఫ్రెంచి పాస్‌పోర్ట్ చెకింగ్ డోవర్‌లోనే, ఓడ ఎక్కకముందే అయిపోతుంది. 2025 అక్టోబరు నుంచి ఫోటోలూ వివరాలూ కొత్త పద్ధతిలో నమోదు చేయడం మొదలుపెట్టారు కాబట్టి లైను మెల్లగా కదలొచ్చు, ఓడ వాళ్లు చెప్పిన టైముకంటే ఇంకాస్త ముందే చేరుకోండి. ఓడలో కారు పెట్టాక హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులో ఉంచి, అలారం ఆపెయ్యండి. మళ్లీ రేవు వచ్చేదాకా కిందికి దిగనివ్వరు, పిల్లాడి స్వెట్టరూ తినేవీ అన్నీ ఒక సంచిలో ముందే పైకి తెచ్చుకో. అల్లుడికి కడుపులో తిప్పుతుందన్నావు కదా, ఓడ మధ్యభాగంలో కూర్చోమను, లేదా డెక్ మీదకెళ్లి దూరంగా నీటి అంచు చూస్తూ నిలబడమను.

కారుకు యూకే అని రాసిన స్టిక్కర్, కారు ఆగిపోతే రోడ్డు మీద పెట్టే త్రికోణం బోర్డు, దూరానికి మెరిసే పసుపు జాకెట్ ఉండాలి. జాకెట్ డిక్కీలో కాదు, సీటు దగ్గరే ఉండాలి, దారిలో కారు ఆగిపోతే దిగకముందే వేసుకోవాలి. మన కారు లైట్లు అక్కడ ఎదుటివాళ్ల కళ్లల్లో కొడతాయి, వాటికి అతికించే స్టిక్కర్లు దొరుకుతాయి. కారు రిజిస్ట్రేషన్ కాగితం, అదే వీ5సీ, అసలుది వెంట ఉంచుకో, లీజు కారైతే దాని బదులు వీఈ103 అనే కాగితం లీజు వాళ్లను అడిగి తీసుకో. ఇన్సూరెన్స్ వాళ్లకు తప్పక ఫోన్ చెయ్యి. ఇక్కడ కాంప్రహెన్సివ్ అయినా అక్కడికి వెళ్తే థర్డ్ పార్టీకి పడిపోయే పాలసీలు ఉన్నాయి.

ఇక కుడివైపు నడపడం. రేవు దిగగానే ఏమీ కాదు, ముందూ వెనకా కార్లుంటాయి, వాటితో పాటు సాగిపోతారు. అసలు జాగ్రత్త పడాల్సింది మర్నాడు పొద్దున. సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లోంచి బయటికి వస్తారు, రోడ్డు ఖాళీ, చెయ్యి దానంతటదే ఎడమకు తిప్పేస్తుంది. అందుకని కారు కదిలిన ప్రతిసారీ పక్కన కూర్చున్నవాళ్లు "కుడి" అని పైకి అనాలి. వినడానికి చాదస్తంలా ఉంటుంది, అయినా అనండి. లారీని దాటాల్సి వస్తే ముందేముందో డ్రైవరుకు కనపడదు, ఎడమ సీట్లో ఉన్న నువ్వే చూసి చెప్పాలి, అనుమానముంటే దాటొద్దు. ఊళ్లలో బోర్డేమీ లేని కూడలిలో కుడి నుంచి వచ్చేవాడిదే దారి, చిన్న సందులోంచి వచ్చినా సరే. ఊరి పేరు బోర్డు కనపడితే చాలు, వేరే బోర్డు లేకపోయినా గంటకు 50 కిలోమీటర్లు దాటకూడదు. మోటార్‌వే మీద 130, వాన పడితే 110. లైసెన్స్ వచ్చి మూడేళ్లు నిండకపోతే పొడి రోజున కూడా 110 దాటకూడదు, అల్లుడు తన లైసెన్స్ తేదీ చూసుకోవాలి. కెమెరాలు ఎక్కడున్నాయో చెప్పే యాప్ వాడటం అక్కడ నేరం, ముందే తీసెయ్యమను.

పెట్రోలు మోటార్‌వే మీద కొట్టించకండి, లెక్లెర్క్, కార్ఫూర్ లాంటి సూపర్‌మార్కెట్ల బంకుల్లో తక్కువ. గజోల్ అని రాసి ఉన్నది డీజిల్, మీ కారుకు కావలసిన పెట్రోలు ఎస్‌పీ95. కార్డు గీకినప్పుడు పౌండ్లలోనా యూరోల్లోనా అని మిషన్ అడిగితే యూరోలే నొక్కు.

ఇల్లు అంటే అక్కడ జీట్ అంటారు, పల్లెల్లో వారానికి ఇచ్చే ఇళ్లు. చూపించిన అద్దె మీద దుప్పట్లకూ, శుభ్రం చేసినందుకూ విడిగా తీసుకుంటారు. దుప్పట్లు, తువాళ్లు మీవే తీసుకెళ్లండి, పోయేటప్పుడు ఇల్లు మీరే ఊడ్చి ఇస్తే ఆ చార్జీ తగ్గిస్తారేమో అడుగు. వంటిల్లు ఉంటే సగం ఖర్చు తగ్గినట్టే. బియ్యం, కందిపప్పు, ఆవకాయ, కారప్పొడి పట్టుకెళ్లొచ్చు. పాలు, పెరుగు, నెయ్యి, పనీర్, మాంసం మాత్రం ఇక్కణ్నుంచి యూరప్‌లోకి తీసుకెళ్లకూడదు, 2021 నుంచి అదే రూలు. దిగులు పడకు. వాళ్ల వెన్న అద్భుతం. ప్యాకెట్ మీద డూ అని ఉన్న ఉప్పు లేని వెన్న కొని చిన్న సెగ మీద పెట్టు. నురుగు అణిగి అడుగున గోధుమరంగు గసి పట్టగానే దింపెయ్. వారానికి సరిపడా నెయ్యి వచ్చేస్తుంది, కమ్మగా ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం నుంచి చాలా కొట్లు మూసేస్తారు, శనివారమే సరుకులు తెచ్చేసుకో. బయట తినాలనిపిస్తే మధ్యాహ్నమే వెళ్లండి, ఆ రోజు భోజనం అని పలక మీద రాసిన రేటు రాత్రి రేటుకంటే చాలా తక్కువ. రెండు దాటితే మాత్రం పెట్టరు.

ఒక్క రోజు నా కోసం నవ్‌షాపెల్ అనే ఊళ్లో ఉన్న భారతీయ సైనికుల స్మారకానికి వెళ్లి రండి. మీరుండే చోటి నుంచి గంటన్నర లోపే. మొదటి ప్రపంచయుద్ధంలో ఆ నేల మీద చనిపోయి, సమాధి కూడా దొరకని 4,700 మందికి పైగా భారతీయ సైనికులు, కూలీల పేర్లు గుండ్రటి గోడ మీద చెక్కారు. 1927లో కట్టించింది. చుట్టూ పొలాలు, పక్కన మామూలు రోడ్డు, టికెట్ ఏమీ లేదు. ప్యారిస్ ఎప్పుడైనా రైల్లో వెళ్లొచ్చు. ఇక్కడికి మాత్రం మనవాళ్లు పనిగట్టుకుని వెళ్తే తప్ప ఎవరూ వెళ్లరు. బాబు చేత ఆ పేర్ల మీద చెయ్యి పెట్టించు.

త్రికోణం, జాకెట్లు, ప్లగ్ మార్చే అడాప్టర్లు మా గ్యారేజీలో ఉన్నాయి, కొనకండి. జాకెట్లు రెండే, బాబుకొకటి మాత్రం చూసుకో. ఓడ టైములు రెండు మూడు అనుకున్నాక నాకు పంపు, డబ్బు కట్టేలోపు పెదనాన్నా నేనూ ఒకసారి చూస్తాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ